అవ్వను 'మీరు' అంటారా?

నన్ను మొట్టమొదటిసారి 'మాస్టారూ' అని పిలిచింది ఉదయగిరిలో కాదు, ఆత్మకూరులో కాదు. అమెరికాలో, డాలస్ పక్కనున్న ఒక ఊళ్ళో, ఏడేళ్ళ పిల్ల. నేను చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. తెలుగు పుస్తకం చివరిసారి తెరిచింది పదో తరగతిలో. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న లక్షల మందిలో నేనూ ఒకణ్ణి. అలాంటివాడు శనివారం పొద్దున పది గంటలయ్యేసరికి తెల్లబోర్డు ముందు నిలబడి 'అ అమ్మ, ఆ ఆవు' అంటున్నాడని తెలిసి మా అమ్మ ఫోన్లో అయిదు నిమిషాలు నవ్వింది. "నీకు ఒత్తులొచ్చా రా?" అనడిగింది. వచ్చమ్మా, వచ్చు.

ఇక్కడ తెలుగు బడి అంటే కొత్త సంగతేం కాదు. సిలికానాంధ్ర వాళ్ళు 2007లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన 'మనబడి' ఇవాళ అమెరికాలో చాలా రాష్ట్రాలకు పాకింది. ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం అంటూ తరగతులకు అందమైన పేర్లున్నాయి. తానా వాళ్ళకు 'పాఠశాల' ఉంది. ఇవి కాక గుడి హాల్లోనో, లైబ్రరీ గదిలోనో నడిచే చిన్నాచితకా బడులు బోలెడు. మాది అలాంటిదే ఒకటి. పేరు రాయను, ముందు ముందు దాని మీద రెండు ఫిర్యాదులు చేయబోతున్నాను కాబట్టి.

2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారనీ, నాలుగు లక్షలు దాటారనీ ఒక లెక్క వచ్చింది. అన్ని భాషల్లోకీ తెలుగే వేగంగా పెరిగిందని అప్పట్లో మనవాళ్ళు వాట్సాప్‌లో ఊదరగొట్టారు. నిజమే. కానీ ఆ పెరిగిందంతా నాలాంటివాళ్ళు విమానం దిగడం వల్ల. ఇక్కడే పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడటం వేరే లెక్క. ఆ లెక్క ఎవరూ వాట్సాప్‌లో పంపరు.

నా వారం ఎలా ఉంటుందో చెప్తాను. పగలు ఆఫీసు. రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ టీముతో కాల్. వాళ్ళకప్పుడు పొద్దున ఎనిమిది. శుక్రవారం ఆ కాల్ అయ్యాక, రూమ్మేట్లు సినిమా పెట్టుకుంటే నేను డైనింగ్ టేబుల్ మీద అట్టముక్కలు కత్తిరిస్తూ కూర్చుంటాను. ఒకదాని మీద 'పలక', ఇంకోదాని మీద 'పాలక'. ఒకదాని మీద 'కలం', ఇంకోదాని మీద 'కాలం'. శనివారం పొద్దున కారు డిక్కీలో మడత టేబుళ్ళు, మార్కర్లు, డోనట్ల డబ్బా. పధ్నాలుగు మంది పిల్లలు, ఏడు నుంచి పదకొండేళ్ళ లోపువాళ్ళు. రెండు గంటల క్లాసు. జీతం లేదు. హెచ్‌-1బీ మీద ఉన్నవాడు స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గర తప్ప ఇంకోచోట డబ్బు తీసుకోకూడదు. కాబట్టి నేను చట్టప్రకారమే ఉచితం!

పాఠం మొదలుపెట్టాక తెలిసింది, నా నోట్లో నాలుక ఎక్కడుంటుందో నాకే తెలియదని. 'త'కీ 'ట'కీ తేడా ఏమిటని ఒకడు అడిగాడు. చెప్పడం ఎలా? 'త' అనేటప్పుడు నాలుక పళ్ళకు తగులుతుంది, 'ట' అనేటప్పుడు వెనక్కి మడిచి అంగిట్లో కొడుతుంది. వీళ్ళ ఇంగ్లీషు 'టీ' ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకే వీళ్ళు 'తాత' అన్నా 'టాటా' అన్నా మనకు ఒకేలా వినిపిస్తుంది. 'ళ' సంగతి మరీ ఘోరం. ఒకమ్మాయి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "మా అమ్మకు పెద్ద కల్లు ఉన్నాయి" అంది. వెనకాల కూర్చున్న ఇద్దరు తండ్రులు నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయారు.

ఉచ్చారణ పదిసార్లు చెప్తే వస్తుంది. అసలు కష్టం 'మనం', 'మేము' దగ్గర. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట. "మాస్టారూ, మనం రేపు డిస్నీ వెళ్తున్నాం" అన్నాడు ఒకడు. నేనూ వస్తున్నానా అనడిగితే బిక్కమొహం వేశాడు. నన్ను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే మేము వెళ్తున్నాం, సారీ" అన్నాడు. ఇంత చిన్న మాటలో ఎదుటివాణ్ణి లోపలికి పిలవడమో, గుమ్మం బయట నిలబెట్టడమో ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆకలి కూడా అంతే. వీళ్ళు "నేను ఆకలి" అంటారు. మనకేమో ఆకలి 'నాకు' వేస్తుంది. చలి వేస్తుంది, భయం వేస్తుంది, నిద్ర వస్తుంది. అన్నీ బయటనుంచి వచ్చి మన మీద పడతాయి. 'ప్లీజ్'కు తెలుగు ఏమిటని అడిగితే ఏం చెప్తాం? 'దయచేసి' అనేది రైల్వే స్టేషన్లో మైకు తప్ప మనుషులు వాడగా నేను వినలేదు. మనం 'కాసిన్ని నీళ్ళియ్యి' అనే మాటను ఎలా అంటామో అందులోనే ఆ ప్లీజంతా ఉంటుంది. ఇది బోర్డు మీద రాసి చూపించేది కాదు.

ఇవన్నీ సరదాగానే ఉంటాయి. అసలు బాధ వేరే. పాపం పిల్లలు అక్షరాలు దిద్దుతారు, గుణింతాలు అప్పజెప్తారు, ఒత్తులు కూడా రాస్తారు. పన్నెండు గంటలకు క్లాసు అయిపోగానే తలుపు దాటకముందే ఇంగ్లీషులోకి దూకేస్తారు. కారు ఎక్కేటప్పుడు అమ్మ "హౌ వాజ్ ది క్లాస్?" అంటుంది, పిల్ల "గుడ్" అంటుంది. తెలుగు క్లాసు ఎలా జరిగిందో తెలుసుకోడానికి కూడా తెలుగు అవసరం లేదు!

అవసరం అనే మాట వచ్చింది గనక మా ఊరి సంగతి చెప్పాలి.

మాది నెల్లూరు జిల్లా పడమటి మెట్ట. ఉదయగిరి కొండ కింద. వాన తక్కువ, బోర్లు లోతు, ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు. అందుకే మా వైపు నుంచి ఊళ్ళు దాటి, దేశాలు దాటి బతకబోవడం పాత అలవాటే. నాలాంటివాళ్ళు అమెరికా రాకముందే మా వీధి ఆడవాళ్ళు కువైట్ పోయారు. మా దూరపు చిన్నమ్మ ఒకామె అక్కడ పదకొండేళ్ళు వంటింట్లో పనిచేసి వచ్చింది. సంతకం కూడా రాదు. మూడు నెలల్లో అరబ్బీ నేర్చుకుంది. 'తాల్' అంటే రా, 'రూహ్' అంటే పో అని మొదలుపెట్టి, చివరికి ఆ ఇంటి ముసలామెతో పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పేదంట. ఎట్లా నేర్చుకున్నావు చిన్నమ్మా అంటే, "నేర్చుకోకపోతే కూడెవురు పెడతారబ్బయ్యా" అంది. ఆమెకు పాఠ్యపుస్తకం లేదు, తరగతి పేరు ప్రసూనం కాదు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్ళు చూసి ఉంటారు కొందరు. నర్ది, బిక్కి లాంటి కొండచెట్ల కర్రతో స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని చేసేవాళ్ళు ఎక్కువమంది ముస్లిములు. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఆ ఇళ్ళ పిల్లలు నాతోపాటు చదివారు. వాళ్ళ నాన్నతో ఒక భాషలో మాట్లాడుతూ, ఆ వాక్యం మధ్యలోనే నావైపు తిరిగి తెలుగులో తిట్టేవాళ్ళు. వాళ్ళకు శనివారం బడి ఎవరూ పెట్టలేదు. అంగడికి పోవాలంటే తెలుగు కావాలి, అమ్మ దగ్గర అన్నం తినాలంటే ఉర్దూ కావాలి. రెండూ వచ్చేశాయి.

డాలస్‌లో మా పిల్లలకు తెలుగు వల్ల మాత్రమే దొరికేది ఏమిటి? కూడు దొరుకుతుంది, ఆటలు దొరుకుతాయి, అమ్మా నాన్నల ప్రేమ కూడా ఇంగ్లీషులోనే దొరుకుతోంది. సినిమాకు సబ్‌టైటిల్స్ ఉన్నాయి. కొన్ని స్కూలు డిస్ట్రిక్టులు తెలుగు కోర్సుకు విదేశీ భాష క్రెడిట్టు ఇస్తున్నాయి, సంతోషం. కానీ క్రెడిట్టు కోసం నేర్చుకున్నది క్రెడిట్టు రాగానే దిగిపోతుంది. నా సంస్కృతమే సాక్ష్యం.

మారిషస్ సంగతి తెలిసినవాళ్ళకు ఇది ఎక్కడిదాకా పోతుందో తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచీ ఇతర చోట్ల నుంచీ చెరకుతోటల పనికి పోయిన మనవాళ్ళ వారసులు అక్కడున్నారు. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. సర్కారు బడుల్లో తెలుగు చెప్తారు. మోకాలో మహాత్మాగాంధీ సంస్థ ఉంది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇన్ని ఉన్నా ఇంట్లో మాట్లాడుకునేది ఎక్కువగా క్రియోల్. తెలుగు పండక్కీ, భజనకీ, పరీక్షకీ మిగిలింది. వాళ్ళను చిన్నబుచ్చడానికి చెప్పట్లేదు. అన్ని తరాల తర్వాత ఆ మాత్రం నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు. మేమింకా మొదటి తరంలోనే కారు తలుపు దగ్గర జారిపోతున్నాం.

అందుకని నేను క్లాసులో ఒక రూలు పెట్టాను. ప్రతి శనివారం చివరి ఇరవై నిమిషాలు కథ. కథ మధ్యలో ప్రశ్న అడగొచ్చు. తెలుగులో అడిగితేనే జవాబు. ఇంగ్లీషులో అడిగితే కథ ఆగిపోతుంది. మొదట ఏదో రాజూ ఏడు చేపలూ అంటే ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి మా ఊరి కోట ఫోటో చూపించాను. "మాస్టారూ, మీ ఊళ్ళో రియల్ కోట ఉందా?" అంతే, పధ్నాలుగు తలకాయలూ ఇటు తిరిగాయి.

కృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి ఆ కోటను తీసుకోడానికి ఏడాదిన్నర ముట్టడి వేశాడు, 1514లో గెలిచాడు అని చెప్పాను. ఏడాదిన్నరా! "వాళ్ళు... పైన... ఏం తిన్నారు?" అని ఒకమ్మాయి ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది. "నీళ్ళు ఎక్కడుంది?" ఇంకోడు. ఉన్నాయి, ఎక్కడున్నాయి అని సరిచేసి, కొండ మీద చెరువులు, కోనేళ్ళు గీసి చూపించాను. గెలిచాక రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు అంటే, "అది దొంగతనం కదా?" అన్నాడు తొమ్మిదేళ్ళవాడు. శుద్ధమైన తెలుగు, ఒత్తులతో సహా. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం క్లాసు పావుగంట ఆలస్యంగా వదిలాను, డోనట్లు మిగిలిపోయాయి.

ఇక ఫిర్యాదులు.

మా క్లాసులో గుంటూరు పిల్లలున్నారు, కరీంనగర్ పిల్లలున్నారు, శ్రీకాకుళం వాళ్ళున్నారు. మా నెల్లూరు వైపు వాళ్ళు ముగ్గురు. పుస్తకంలో మాత్రం ఒకటే తెలుగు ఉంటుంది. పుస్తకంలో వేరుశనగ. కరీంనగర్ ఇంట్లో పల్లీలు. మా ఇంట్లో చెనక్కాయలు. పుస్తకంలో బంగాళదుంప, వాళ్ళింట్లో ఆలుగడ్డ, మా ఇంట్లో ఉర్లగడ్డ. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ. నేను బోర్డు మీద మూడు గళ్ళు గీసి, ఎవరింట్లో మాట వాళ్ళు రాయమన్నాను. పిల్లలకు అది పెద్ద ఆటైపోయింది. ఇళ్ళకు ఫోన్లు చేసి మరీ మాటలు పట్టుకొచ్చారు.

మరుసటి వారం కోఆర్డినేటర్ దగ్గరకు ఒక తల్లి వచ్చింది. పిల్లవాడు ఇంట్లో 'పిలకాయలు' అంటున్నాడట, 'యాడికి' అంటున్నాడట. 'డీసెంట్ తెలుగు' నేర్పించమంది. కోఆర్డినేటర్ నాతో మర్యాదగానే చెప్పింది, సిలబస్‌లో ఉన్నదే చెప్పండి, పరీక్షకు అదే వస్తుంది అని. ఆమె ఇబ్బంది ఆమెది. రాతకు అందరికీ ఒక ఒరవడి ఉండాలి, ఒప్పుకుంటాను. నేను ఇది రాస్తున్నది కూడా పుస్తకం తెలుగులోనే కదా. కానీ మాట్లాడే తెలుగును కూడా పుస్తకంలోంచే తీయాలంటే పిల్లలు ఎవరితో మాట్లాడాలి? పుస్తకంతోనా? ఆ భాష పుట్టినప్పటినుంచీ మాట్లాడే అవ్వ తాతలు ఎంతమంది ఉంటారు? ఆత్మకూరు బస్టాండులో నిలబడి "ఉదయగిరి వెళ్ళు బస్సు ఎచ్చట ఆగును?" అంటే కండక్టరు సినిమా షూటింగ్ అనుకుంటాడు.

రెండో ఫిర్యాదు తల్లిదండ్రుల మీద. ఇది మెల్లగా చెప్తాను, వాళ్ళలో కొందరు ఇది చదువుతారు. పిల్లలకు తెలుగు రావాలని అరవై మైళ్ళు కారు నడిపి తీసుకొచ్చే ఓపిక మీకుంది. ఇంటికెళ్ళాక ఒక గంట ఇంగ్లీషు మానే ఓపిక లేదు. వీసాల గొడవ వచ్చినప్పుడల్లా మాత్రం తెలుగు గుర్తొస్తుంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చిన శనివారం, పార్కింగులో ఒకటే మాటలు. "రేపు వెనక్కి పోవాల్సి వస్తే వీడికి తెలుగు చదవడం వచ్చి ఉండాలి" అన్నాడొకాయన. తెలుగు ఆయనకు బీమా పాలసీ. తప్పు పట్టను. నేనూ ఆ వీసా మీదే ఉన్నాను, ఆ రాత్రి నాకూ నిద్ర లేదు. కానీ వెనక్కి వెళ్తే ఎక్కడికి వెళ్తారు? మా ఉదయగిరిలో ఇప్పుడు పొద్దున ఏడున్నరకు పసుప్పచ్చ స్కూలు బస్సులు వరసగా పోతుంటాయి, అన్నీ ఇంగ్లీషు మీడియం. 2019లో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తామని ప్రభుత్వం జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు కొట్టేసినా అమ్మానాన్నలు కొట్టేయలేదు. మా అక్క కూతురు ఆత్మకూరులో రెండో తరగతి. 'చెట్టు' అని రాయమంటే నా డాలస్ పిల్లలే త్వరగా రాస్తారు. అయితే ఆ పిల్ల చెట్టెక్కి, కాలు జారి, కిందపడి, ఎవరు తోశారో తెలుగులో గంటసేపు చెప్పగలదు. రెండిట్లో ఏది కావాలంటే నేను తడుముకోకుండా రెండోదే అంటాను.

అందుకే హోంవర్కు మార్చాను. కాపీ రాయడం సగానికి తగ్గించి, ప్రతి శనివారం రాత్రి ఊళ్ళో ఒక మనిషికి ఫోన్ చేయాలి అన్నాను. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే ఎండాకాలంలో అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ముసలాళ్ళు కాఫీ తాగి ఖాళీగా ఉండే టైము. అమ్మానాన్నలు పక్కనుండకూడదు, ఉంటే వాళ్ళే మాట్లాడేస్తారు. అయిదు నిమిషాలు మాట్లాడి, ఒక కొత్త మాట పట్టుకురావాలి.

మొదటి నెల పెద్దగా నడవలేదు. "బాగున్నావా? బాగున్నాను. తిన్నావా? తిన్నాను." తర్వాత నిశ్శబ్దం. తర్వాత 'బై'. మెల్లగా దారిలో పడ్డారు. ఒకడు 'పెంట' అనే మాట పట్టుకొచ్చి క్లాసంతా నవ్వించాడు. ఒకడి తాత వాడికి చేపల పులుసు వండటం ఫోన్లోనే చెప్పాడు. వాడికి వంట రాదు గానీ చింతపండు పిసకడం అనే క్రియ వచ్చింది.

మా నెల్లూరు ముగ్గురిలో ఒక పాప ఉంది, ఎనిమిదేళ్ళది. వాళ్ళ నానమ్మ ఆత్మకూరు పక్క పల్లెలో ఉంటుంది, ఒక్కతే. ఈ పాప ఫోన్లో మాట్లాడదు. సిగ్గు. రాయడం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు. నేను డిసెంబరులో మూడు వారాలు ఊరికి వెళ్తున్నానని చెప్తే ఒక కవరు తెచ్చిచ్చింది. పైన 'నానమ్మ గారికి' అని ఉంది. నా కళ్ళ ముందే అతికించింది, మాస్టారు చదవకూడదంట.

ఆత్మకూరులో దిగి మా అక్క వాళ్ళ బండి తీసుకుని పోయాను. వాకిట్లో మంచం మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. ఎవరని చెప్పుకున్నాక, "మా అమ్మణ్ణికి సదువు జెప్పే అయ్యోరు నువ్వేనా? ఇంత పిలగాడివి!" అంది. మా వైపు పంతులంటే అయ్యవారు. పిల్లలు మాస్టారూ అంటే కలగని బరువు ఆ మాటకు కలిగింది, చేట పక్కన బుద్ధిగా కూర్చున్నాను.

కవరిస్తే అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చింది. "నాకు అచ్చరాలు రావు నాయనా. నువ్వే సదువు."

మాస్టారు చదవకూడదన్న ఉత్తరం మాస్టారే చదవాల్సొచ్చింది. 'పూజ్యులైన నానమ్మ గారికి నమస్కారములు. మీరు ఎలా ఉన్నారు? నేను క్షేమముగా ఉన్నాను. ఇక్కడ చలిగా ఉన్నది. మీరు మా ఇంటికి ఎప్పుడు వస్తారు?' ఉత్తరం రాయడం ఎలా అన్న పాఠంలో మేము నేర్పిన వాక్యాలే. కింద ఒక కుక్క బొమ్మ. ఒక్క తప్పు లేదు. నాకు గర్వంగానే ఉంది.

అవ్వ చేట పక్కన పెట్టింది. "ఇదేంది, నన్ను మీరు అంటుండాది? నేనేమన్నా ఎమ్మార్వోనా?"

మర్యాద కోసం అవ్వా, పుస్తకంలో అట్లా ఉంటది అన్నాను.

"మర్యాద నాకెందుకు? నా కొడుకు నన్ను నువ్వనే అంటాడు. వాడి బిడ్డ మీరంటే నేను పరాయిదాన్నయినట్టు గాదా?" కోపం లేదు ఆమె గొంతులో. నిజంగానే అడుగుతోంది. నా దగ్గర ఈసారీ జవాబు లేదు. కాసేపటికి, "ఆ కుక్క బొమ్మ చూపీ" అంది. దాన్ని మాత్రం చాలాసేపు చూసింది. "ఇది దాని రాతేనా? చేత్తోనే రాసిందా?" అని అక్షరాల మీద వేలితో తడిమింది. మళ్ళీ మొదటినుంచి చదవమంది. చదివాను. మీరు అన్నచోటల్లా 'నువ్వు' అని మార్చి చదివాను. మధ్యలో ఆపి, "మొదట అట్టా లేదే!" అని నవ్వింది.

జవాబు రాయించమన్నాను. నా బ్యాగులో ఆఫీసు నోట్‌బుక్కు ఉంది. చెప్పింది చెప్పినట్టు రాయి, మీ పుస్తకం మాటలు కలపొద్దు అని నాకు షరతు. రాశాను:

'అమ్మణ్ణీ, నేను బాగుండా. మోకాళ్ళ నొప్పులు ఉండేదే. ఎనుము ఈనింది, పెయ్యిదూడ. దానికింకా పేరు పెట్టలా, నువ్వు ఒక పేరు చెప్పు. మీ నాయన చిన్నప్పుడు యాప చెట్టు మీద కూసోని దిగేవాడు గాదు, కావాలంటే అడుగు. నేను ఆడికి రాలేను, ఇమానం అంటే బయం. ఎండాకాలం సెలవులకి నువ్వే రావాల. మీ నాయన కుదరదు అంటాడు, నువ్వు ఏడ్చి పట్టకరా. చెనక్కాయలు ఏంచి మీ అయ్యోరి చేత పంపిస్తుండా, అందరికీ పెట్టు. ఫోన్లో మాట్లాడు. తప్పు మాట్లాడినా నేను నవ్వను.'

కింద వేలిముద్ర వేస్తానంది. ఇంకు లేక కాటుక తెచ్చింది.

జనవరి మొదటి శనివారం ఆ కాగితం పాపకిచ్చాను. తను గట్టిగా చదువుతానంది, సిగ్గుపడే పిల్ల. 'బాగుండా' దగ్గర తడబడింది, 'ఎనుము' దగ్గర ఆగిపోయింది. కరీంనగర్ పిల్లవాడు బర్రె అన్నాడు, గుంటూరు అమ్మాయి గేదె అంది. బోర్డు మీద మళ్ళీ మూడు గళ్ళు వచ్చాయి. పెయ్యిదూడ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. చెనక్కాయలు పది నిమిషాల్లో అయిపోయాయి. 'తప్పు మాట్లాడినా నేను నవ్వను' అన్న వాక్యాన్ని పాప పైకి చదవలేదు, లోపల చదువుకుని కాగితం మడిచేసింది.

ఆ రాత్రి ఫోన్ చేసిందట. దూడ పేరు విషయం నలభై నిమిషాలు నడిచిందని వాళ్ళ నాన్న మెసేజ్ పెట్టాడు. యాప చెట్టు సంగతి కూడా బయటికొచ్చినట్టుంది, కింద రెండు దండాలు పెట్టాడు.

మరుసటి వారం పాప నా దగ్గరకొచ్చి, మళ్ళీ ఉత్తరం రాస్తాను, ఈసారి 'నువ్వు' అని రాయొచ్చా అనడిగింది. రాయమన్నాను. "పరీక్షలో?" అంది. పరీక్ష మే నెలలో. ఉత్తరం ప్రశ్న కచ్చితంగా వస్తుంది. నువ్వు అని రాస్తే మార్కు పోతుందా అని కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. పాప ఆగలేదు, ఉత్తరం పోస్టులో వేసేసింది.